మార్కాపురానికి వచ్చిన నావ

మా ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా నన్ను వెంటబెట్టుకుని పోతారు. కందిపప్పు మొదలుకొని బీరువా దాకా అంతే. బేరం బాగా ఆడతానని కాదు, బేరం నాకసలు చేతకాదు. వస్తువులో ఎక్కడ లోపముందో నా కంటికి ముందు పడుతుందని మా అత్త కరుణమ్మకు నమ్మకం. "మా రూబీ చూసి సరే అంటే ఇంక ఎవురూ చూడబన్లే" అని వీధిలో చెప్పుకునేది. ఆ నమ్మకం మీదనే పోయిన ఏప్రిల్‌లో నన్ను కొత్తపట్నం తీసుకుపోయారు. ఈసారి కొనేది నావ.

మార్కాపురంలో ఉండేవాళ్ళకు నావతో పనేమిటని అడగని మనిషి లేడు. పని మా మరిది ప్రవీణ్ కుమార్‌ది. నేవీలో పదిహేనేళ్ళు చేసి వచ్చాడు. అక్కడ తెరచాప పడవల పందేల జట్టులో ఉండేవాడట. వచ్చిన నాటి నుంచి మా ఆయన విక్టర్‌కు పలకల యార్డులో తోడుగా ఉంటున్నాడు. తెల్లారకముందే పోయి రాతి దిమ్మెల మీద గోనెలు తడపడం, లారీ తోలడం, కూలీలు రాకపోతే తానే ఉలి పట్టుకుని కూర్చోవడం, అన్నీ అతనే. జీతమనే మాట అన్నదమ్ముల మధ్య లేదు. మధ్యాహ్నం క్యారియరు విప్పుకుని తినేటప్పుడు మాత్రం ఫోన్లో సముద్రం గాలి ఎటు వీస్తున్నదో చూసుకునేవాడు. మార్కాపురంలో కూర్చుని ఎవరికి కావాలి ఆ గాలి?

ఆ వేసవిలో అతనికి ఒక దారి దొరికింది. కొత్తపట్నం ఒడ్డున కొత్తగా కట్టిన ఒక విడిది మేనేజరు, నేవీలో తెలిసినవాడు, మాట ఇచ్చాడు. చిన్న తెరచాప నావ ఒకటి తెచ్చుకుంటే విడిదికి వచ్చినవాళ్ళను పొద్దున సముద్రం మీద తిప్పి మధ్యాహ్నానికి ఒడ్డు చేర్చే పని ప్రవీణ్‌కే ఇస్తానన్నాడు. ఉండడానికి గది కూడా. చేపల వేట నిషేధం వల్ల ఇంజను బోట్లు కదలని రోజులు, సముద్రం ఖాళీగా ఉంటుంది. అయితే మే నెల దాటకుండా నావతో రావాలి. రాకపోతే ఇంకొకరిని చూసుకుంటారు.

ఈ మాట చెప్పిన రోజు మా ఆయన ముద్ద కలుపుతూ ఆగిపోయారు.

"నువ్వు పోతే లారీ ఎవడు తోల్తాడు? రాయి చీల్చేటోళ్ళు ఇద్దురు బెంగుళూరు పాయిరి. యార్డుకు తాళం ఎయ్యమంటావా?"

"డ్రైవరును పెట్టుకో అన్నా. నేను ఎన్నాళ్ళని..."

"ఎన్నాళ్ళనా? నాయన పోయేటప్పుడు నీ చెయ్యి నా చేతిలో పెట్టినాడురా. మర్చిపోతివా?"

ప్రవీణ్ తల వంచుకున్నాడు. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. అతను అట్లా తీసుకోకపోవడం నేను చూడడం అదే మొదటిసారి. వారం రోజులు ఇంట్లో ముగ్గురూ మూడు దిక్కులకు తిరిగి తిన్నారు. ఆ తర్వాత ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ మా ఆయనే అన్నారు: "సరే, చూద్దాం పా నీ పడవ. రూబీ, నువ్వూ రా."

కొత్తపట్నంలో ముందు చూసింది ఫైబర్‌ది. తెల్లగా, పదహారడుగుల పొడుగు, ముగ్గురు మనుషులు వరసగా పడుకుంటే ఎంతో అంత. ఎవరో సరదాకు కొనుక్కుని విసుగుపుట్టి వదిలేసిన పడవ. ప్రవీణ్ దాని చుట్టూ తిరుగుతూ వేలి కణుపులతో తట్టి చెవి పెట్టి వింటున్నాడు. పుచ్చకాయ కొనేవాళ్ళు వినరూ, అట్లా. చుక్కాని పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. తెరచాపను ఇసక మీద పరిచి, ఒక అంచు నా చేతికిచ్చి ఎండకు అడ్డంగా పట్టమన్నాడు.

"చిల్లులు కనపడతన్నాయా వదినా?"

"చిల్లులు లేవు. కుట్టు మాత్రం పోయింది. ఇదిగో, గోరు పెడితే దారం తెగుతోంది."

"గుడ్డ బతికే ఉంది, దారం చచ్చింది. మళ్ళా కుట్టుకుంటే సరిపోతాది." అతని ముఖం వెలిగిపోతోంది.

తెరచాప కొయ్య నిలబెట్టే చోట ఒక జానెడు మేర తెలుపు మిగతా తెలుపు కంటే తెల్లగా ఉంది. "ఇక్కడొక్క చోటే రంగు కొత్తగా వేశారేం?" అన్నాను. అమ్మేవాడు నవ్వి తల గోక్కున్నాడు. ప్రవీణ్ వంగి చూసి, పగులుంది గానీ అతికించుకోవచ్చన్నాడు. "ఇది చాలన్నా. మొద్దు వస్తువు. ఎండలో పడేసినా వానలో పడేసినా దీనికేం కాదు."

మా ఆయన ఫైబర్ మీద అరచెయ్యి కూడా వెయ్యలేదు. "స్నానాల టబ్బు మాదిరుంది. ఇంకోటేదో ఉందంటివే?"

ఇంకొకటి ఉప్పుటేరులో కట్టేసి ఉంది. కొయ్య నావ. దాని యజమాని కోటేశ్వరరావు, బొజ్జ మీద చొక్కా గుండీలు పెట్టని మనిషి, మోకాళ్ళ లోతు నీళ్ళలో దాని పక్కన నిలబడి ఉన్నాడు. నావ లోపల కూడా చీలమండ లోతు నీళ్ళున్నాయి.

"ఇదేందయ్యా, ఓటి పడవను మాకు అంటగడతన్నావా?" అన్నారు మా ఆయన.

కోటేశ్వరరావు కంటే ముందు ప్రవీణ్ నవ్వాడు. "కారి వచ్చిన నీళ్ళు కాదన్నా, కావాలని పోసినవి. కొయ్య నావ ఎప్పుడూ తాగుతూ ఉండాల. చెక్క నీళ్ళు తాగి ఉబ్బి, ఒకదాన్నొకటి అదుముకుంటేనే సందులు మూసుకుంటాయి."

"తాగకపోతే?"

"చెక్క ముడుచుకుపోతాది. సందులు నోరు తెరుస్తాయి. కొంచెం ఎండితే మళ్ళా నానబెట్టుకోవచ్చు. బాగా ఎండితే చెక్కే నిలువునా పగులుద్ది. అప్పుడింక పొయ్యిలోకే."

"ఎన్నాళ్ళు పడతాది అట్ల కావడానికి?"

"ఈ గాలికైతే చాలా నాళ్ళు. మన ఊరి ఎండకైతేనా?" ప్రవీణ్ మళ్ళీ నవ్వాడు. "ఒక్క నెల."

అన్నకు నావ గురించి చెప్పే అవకాశం దొరికిందన్న సంతోషంలో ఉన్నాడు అతను. ఎప్పుడూ చెప్పేది అన్న, వినేది తను. మా ఆయన ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగారు. చెక్క మీద అరచెయ్యి పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు నిమిరారు. గుమ్మాలకు టేకు కొనేటప్పుడు నిమిరినట్టే.

"ఇదే తీసుకుందాం," అన్నారు.

ప్రవీణ్ నమ్మలేకపోయాడు. అతని మనసు మొదటి నుంచీ దీని మీదనే ఉందని, ఫైబర్‌ది చాలన్నది అన్నకు భయపడి అన్నదని అతని కళ్ళే చెప్పాయి. నేను మాత్రం ఫైబర్‌దే మేలన్నాను. ఒంటరి మనిషి, సాకుడు తక్కువ ఉండేది తీసుకోవాలి.

"రూబీకి లోపాలే కనపడతాయి, మంచి కనపడదు," అన్నారు మా ఆయన.

"అమ్మగారు నన్ను చూసి కూడా ఏదో చెప్పేట్టున్నారు," అన్నాడు కోటేశ్వరరావు, అప్పుడు గుండీలు పెట్టుకుంటూ. అందరం నవ్వాం.

"ఒక్క మాట," అన్నారు మా ఆయన. "అమ్మ చెయ్యేసి ప్రార్థన చెయ్యకుండా నీళ్ళలోకి దించేది లేదు. లారీ మీద ఊరికి తీసుకపోదాం. పాస్టరుగారితో ప్రతిష్ఠ చేయించి మళ్ళా ఇక్కడికే తెస్తాం. ఒక్క వారం."

మా ఇళ్ళల్లో అది మామూలే. ఆటో కొన్నా, కుట్టు మిషను కొన్నా, బోరు వేసినా ముందు ప్రార్థన, ఆ తర్వాతే వాడకం. అత్తకు మోకాళ్ళ నొప్పులు, అంత దూరం కారులో కూర్చోలేదు. కాదనడానికి ప్రవీణ్‌కు ఏ సందూ లేదు. కోటేశ్వరరావు మాత్రం నోరు తెరిచి ఉండిపోయాడు. "నావని కొండల్లోకి తీసుకెళ్తారా? ఏంటండీ బాబూ ఇది!"

"వారమైతే తట్టుకుంటాదిలే. తడి గోనెలు కప్పుతా," అన్నాడు ప్రవీణ్. దారి పొడుగునా లారీ వెనక నావలోనే కూర్చుని వచ్చాడు. పొదిలి దగ్గర టీ కోసం ఆపితే దిగకుండా గ్లాసు పైకి ఇప్పించుకున్నాడు.

మా వీధిలో నావ దిగిన రోజు చూడాలి. జలప్రళయం ఎప్పుడని చర్చివాళ్ళు అనవలసిన మాట ముందే అనేశారు. మిగతావాళ్ళు తమకు తోచినవి అన్నారు. ఎదురింటి మల్లి నోటికి అడ్డే లేదు.

"ప్రవీణన్నా, గడ్డేస్తివా దానికి?"

"గడ్డి తినదు మల్లీ, నీళ్ళు తాగుద్ది."

"ఓయమ్మ! మేము బిందెకు కొట్టుకు చస్తుంటే ఇంకో తాగుబోతును తెచ్చినావా వీధిలోకి?"

అందులో అబద్ధం లేదు. మా బోర్లన్నీ మార్చిలోనే ఎండిపోయాయి. ట్యాంకరు వచ్చిన రోజే నీళ్ళు. అందుకని ప్రవీణ్ ఒక్క మంచి బిందె కూడా నావకు వాడలేదు. నేను గిన్నెలు కడిగిన నీళ్ళు, అతను స్నానం చేసిన నీళ్ళు తొట్టిలో పట్టి పెట్టేవాళ్ళం. గోనె సంచులు విప్పి, నావకు సరిపోయేట్టు పెద్ద పట్టాగా కుట్టాడు. నేవీలో నేర్చుకున్న కుట్టు. నల్ల నైలాను దారంతో, ఏటవాలుగా, చేపముల్లులా ఉంటుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ పట్టా తడిపేవాడు. అత్త వాకిట్లో కుర్చీ వేసుకుని నావను చూస్తూ కూర్చునేది. "సముద్రమంటే నాకు భయమురా చిన్నోడా" అనేది. అంటూనే కాస్త నీడ తగ్గితే గొడుగు అడిగి నావ కొస మీద కప్పించేది.

ఆ ఆదివారం ప్రార్థన జరగలేదు. పాస్టరుగారు గిద్దలూరులో ప్రార్థన కూడికలకు పోయారు. మరుసటి ఆదివారం ఒక పెళ్ళి వచ్చింది. ఆ తర్వాత మా ఆయనే "ఊరంతా పిలిచి చేద్దాం, తొందరెందుకు" అన్నారు. ఇంతలో పామూరుకు లోడు, చంద్రశేఖరపురానికి లోడు. అప్పటిదాకా నెలకొక లోడుంటే గొప్ప, ఉన్నట్టుండి వరసగా వచ్చాయి. డ్రైవరు దొరకలేదు. చివరికి బెంగుళూరు అవతల ఎక్కడో పెద్ద లోడు ఒప్పుకున్నారు. దించి, డబ్బు వచ్చేదాకా అక్కడే ఉండి రమ్మన్నారు.

"నావ?" అన్నాడు ప్రవీణ్.

"నేను లేనా? రెండు పూటలా నా చేత్తో తడుపుతా. నీ పడవ నాది కాదా?"

ప్రవీణ్ పోయేముందు పట్టా అంచులన్నీ సర్దాడు. "వదినా, అన్న మర్చిపోతే గుర్తు చెయ్యి" అన్నాడు నాతో. అన్న మర్చిపోయే మనిషి కాదని మా ఇద్దరికీ తెలుసు.

రెండో రోజు పొద్దున నేను వాకిలి ఊడవడానికి వస్తే నావ మీద పట్టా లేదు.

"చెదలు పట్టింది, తీసేసినా," అన్నారు మా ఆయన. "కొయ్యను తడిలో ఉంచితే పుచ్చిపోదా? కాస్త ఆరనీ."

వీధిలో ఎవరూ దీన్ని తప్పనుకోలేదు. మా ఊళ్ళో మంచమైనా గుమ్మమైనా కొయ్యకు శత్రువు తడే. మల్లి మొగుడు కూడా "పెద్దాయన చెప్పింది నిజమే" అన్నాడు. మా ఆయన కూలీలను పిలిచి నావను బోర్లా తిప్పించారు, అడుగు భాగం మిట్టమధ్యాహ్నపు ఎండకు కనపడేట్టు. తడిసిన చెక్క రంగు ఎట్లుంటుందో అప్పటికి నాకు తెలుసు, చింతపండు రంగు. మూడు నాలుగు రోజులకే అది బూడిదరంగుకు తిరిగింది. సందుల్లో కూరిన దూది పైకి లేచి కనపడింది. నేను తొట్టి నీళ్ళు పోయబోతే "పని లేదా నీకు" అని చెంబు లాక్కున్నారు. నేను సగం నమ్మాను, సగం నమ్మలేదు. ఆయనకు కొయ్య గురించి తెలియక చేస్తున్నారని, ఆ ఉప్పుటేరు దగ్గర ప్రవీణ్ చెప్పింది చెవికెక్కలేదని అనుకున్నాను.

క్యారియరు పట్టుకుని యార్డుకు పోయిన రోజు ఆ అనుమానం తీరిపోయింది.

మామూలుగా క్యారియరు పుల్లన్న వచ్చి తీసుకుపోతాడు. నల్లమల అంచు గూడెం నుంచి వచ్చి మా యార్డులో కాపలా ఉండే మనిషి. ఆ రోజు అతనికి జ్వరమంటే నేనే పోయాను. మా ఆయన లేరు, గని దగ్గరికి పోయారట. రేకుల షెడ్డు కింద గని నుంచి వచ్చిన దిమ్మెలు వరసగా ఉన్నాయి. పలకరాయిని చీల్చేదాకా తడిలోనే ఉంచాలి. ఒకసారి ఎండిందంటే పొర లేవదు, ఉలి పెడితే పెంకులై పోతుంది. యార్డులో పనిచేసే వాళ్ళందరికీ, ఇరవై ఏళ్ళుగా ఆ అన్నం తింటున్న నాకూ తెలిసిన సంగతే.

దిమ్మెల మీద తడి గోనె పట్టా కప్పి ఉంది. నల్ల నైలాను దారం. ఏటవాలు కుట్టు, చేపముల్లులా.

నేను క్యారియరు కింద పెట్టి, పట్టా అంచు ఎత్తి చూశాను. ఎక్కడా చెద లేదు.

"అయ్య ఏసిపొయినాడమ్మా," అన్నాడు పుల్లన్న, మంచం మీద నుంచి లేవకుండా. "పూటకు మూడు తూర్లు తడపమన్నాడు. ఎండలు ఎక్కువున్నాయి గదా."

ఉప్పుటేరులో ఆయన అడిగిన రెండు ప్రశ్నలు నాకు అప్పుడు వినిపించాయి. తాగకపోతే? ఎన్నాళ్ళు పడతాది? ఎందుకు ఫైబర్‌ది వద్దన్నారో, ఎందుకు చెక్కను నిమిరి "ఇదే" అన్నారో తెలిసింది. ఎండలో పడేసినా ఏమీ కానిది ఆయనకు పనికిరాలేదు.

సాయంత్రం ఆయన వచ్చాక అడిగాను. ఏడవలేదు, అరవలేదు. నాకవి రావు.

"రాయికి తడి కావాల, కొయ్యకు వద్దా?"

ఆయన చెప్పులు విప్పుతున్నారు. రెండోది కూడా విప్పి, రెండూ గోడకు వరసగా పెట్టి, అప్పుడు నా వైపు చూశారు.

"రాయి మనకు అన్నం పెడతాది," అన్నారు.

ఆ మాట తర్వాత నేను ఆయన్ను అడగవలసింది ఏమీ మిగల్లేదు. ప్రవీణ్‌కు ఫోను చేస్తే కలవలేదు. కలిసినప్పుడు లోడు దించుతున్నాను వదినా, నావ ఎట్లుంది అన్నాడు. వెంటనే రా అన్నాను. "డబ్బు ఇయ్యందే రావొద్దన్నాడు అన్న" అన్నాడు. ఆయన యార్డుకు పోగానే నేను తొట్టి నీళ్ళు మోసుకొచ్చి నావ మీద పోసేదాన్ని. పోసిన నీళ్ళు చెక్క తాగిందో ఎండ తాగిందో తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం అందరం ఇంట్లో ఉండగా బయట టప్పుమని చప్పుడైంది. పిల్లలెవరో టపాకాయ కాల్చారనుకుంది అత్త. నేను పోయి చూశాను. అడుగు చెక్క ఒకటి నిలువునా పగిలింది. పగులులోకి నా వేలు దూరింది.

మా ఆయన ఆ సాయంత్రమే పాస్టరుగారికి ఫోను చేసి వచ్చే ఆదివారం ప్రతిష్ఠ పెట్టుకుందామన్నారు. ప్రవీణ్‌ను కూడా వచ్చెయ్యమన్నారు.

ప్రవీణ్ శనివారం దిగాడు. నావను తిప్పించి, ఎత్తైన రాళ్ళ మీద నిలబెట్టించి, లోపలికి ఎక్కి, అడుగున బోర్లా పడుకుని సందుల గుండా కింది నేలను చూశాడు. మా ఆయన నావ అంచు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"రోజూ పోసినా రా. ఈ ఎండకు ఆగుతాదా? నా చేతుల్లోనే పోయింది," అన్నారు. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. నేను చూశాను, అందుకే చెబుతున్నాను.

"ఏడవొద్దన్నా," అన్నాడు ప్రవీణ్. "నానబెడితే మూసుకుంటాయి. కొన్నన్నా మూసుకుంటాయి."

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ మా వాకిట్లోకి వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. అత్తను ఇద్దరు పట్టుకుని తీసుకొస్తే నావ కొస మీద చెయ్యి పెట్టి, ఏ అల దాన్ని ముంచకూడదని వేడుకుంది. అంతలో ట్యాంకరు వచ్చింది. ప్రవీణ్ ట్యాంకరతన్ని బతిమాలాడు: "అన్నా, మా ఇంటి వంతు నీళ్ళు ఇందులో పొయ్యి. మా వంతే."

మా ఆయన పెద్దమనసుతో "పొయ్యి, పొయ్యి" అన్నారు.

పైపు నావలో పడింది. ప్రవీణ్ లోపల నిలబడి ఉన్నాడు. నీళ్ళు అతని పాదాలు మునిగేదాకా కూడా లేవలేదు. అన్ని సందుల నుంచి ఒక్కసారి జల్లెడలోంచి పడ్డట్టు కిందికి పడ్డాయి. ముందు మల్లి అరిచింది: "అయ్యో అయ్యో, మట్టిపాలు అవుతన్నాయే!" పరుగెత్తి బిందె తెచ్చి నావ కింద పెట్టింది. ఆమెను చూసి ఇంకొకరు. రెండు నిమిషాల్లో వీధి ఆడవాళ్ళంతా నావ చుట్టూ చేరారు. ఎక్కువ కారే పగులు కింద బిందె పెట్టడానికి ఒకరినొకరు తోసుకున్నారు.

"ప్రవీణన్నా, అట్లనే నిలబడు, కదలబాక! ఇంకో బిందె తెచ్చుకుంటా."

"ట్యాంకరు కంటే ఇదే మేలబ్బా, ఇన్ని కొళాయిలున్నాయి!"

అందరూ నవ్వారు. పాస్టరుగారు కూడా చేత్తో మీసం కప్పుకున్నారు. ప్రవీణ్ నావ మధ్యలో నిలబడే ఉన్నాడు. పైపు ఆగాక దిగి, ఒక ముసలామె లేపలేకపోతుంటే బిందె ఎత్తి ఆమె నడుం మీద పెట్టాడు.

సోమవారం విడిది మేనేజరు ఫోను చేశాడు. వేరేవాళ్ళు కుదిరారట. ప్రవీణ్ "మంచిది సార్" అని పెట్టేశాడు.

మంగళవారం అన్నం తినేటప్పుడు మా ఆయన తమ్ముడి వీపు మీద చెయ్యి వేసి, "బాధపడబాక. వచ్చే ఎండాకాలం ఇంకోటి చూద్దాంలే. కొయ్యదే చూద్దాం, అందం ఉంటాది. రూబీని కూడా తీసుకపోదాం" అన్నారు. అంటూ నా వైపు చూశారు. ప్రవీణ్ ముఖంలో మళ్ళీ వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూసి నేను ఉండలేకపోయాను.

ఆయన యార్డుకు పోయాక ప్రవీణ్‌ను వంటింట్లోకి పిలిచి, చూసిందంతా ఉన్నదున్నట్టు చెప్పాను. పట్టా ఎప్పుడు తీశారు, నావను ఎందుకు బోర్లించారు, యార్డులో దిమ్మెల మీద ఏ దారం చూశాను, రాయి గురించి ఆయన ఏమన్నారు. ఒక్క మాట పెంచలేదు, ఒక్కటి తగ్గించలేదు.

అతను విన్నాడు. నిజం తెలిసిన మనిషి ముఖం ఎట్లుంటుందో ఒక్క క్షణం కనపడింది నాకు. అంతలోనే అది మూసుకుపోయింది.

"ఆ పట్టా నేనే యార్డుకిచ్చినా వదినా," అన్నాడు.

"ఎప్పుడిచ్చినావు?"

"ఇచ్చినాలే."

"ప్రవీణ్, నువ్వు ఊళ్ళోనే లేవు."

"నువ్వు మొదట్నుంచీ నన్ను ఈ ఇంట్లోంచి పంపాలనే చూసినావు," అన్నాడు. గొంతు పెరగలేదు, అందుకే నాకు భయమేసింది. "ఫైబర్‌ది కొనమన్నది అందుకేగా? తొందరగా పోతానని. నాయన తర్వాత నాకు నాయనే ఆయన. ఆయన మీద నాకు చెబుతావా?"

అన్న ద్రోహం చేశాడని ఒప్పుకుంటే ఆ సాయంత్రం అతను ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి? వదిన అబద్ధమాడిందని అనుకుంటే అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. అతను రెండోదాన్ని ఎంచుకున్నాడు. నాకు తెలిసి తన ఇష్టప్రకారం అతను ఎంచుకున్నది ఆ వేసవిలో అదొక్కటే.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనకు చాప పరిచాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. మామూలుగానే మా ఆయన "ప్రార్థన అంశాలు ఏమన్నా ఉన్నాయా?" అని అడిగారు. అత్త ఎప్పటిలాగే మోకాళ్ళు అంది.

"వదిన కోసం చెయ్యమ్మా," అన్నాడు ప్రవీణ్. "అన్న మీద ఆమె మనసులో ఏందో పడింది. నాకు చెప్పింది."

అత్త నా వైపు తిరిగింది. ఆమె కళ్ళల్లో కోపం లేదు, దిగులు ఉంది. ఆ దిగులు నాకు కోపం కంటే ఎక్కువ తగిలింది. మా ఆయన ఆశ్చర్యపోలేదు. "ఏం చెప్పిందో నాకొద్దు. నేను క్షమించినా" అన్నారు. లేచి వచ్చి, ఇంటి యజమాని చేసేట్టుగా, ముసుగు మీదుగా నా తల మీద చెయ్యి పెట్టారు.

అత్త మోకాళ్ళ నొప్పి మర్చిపోయి మోకరించింది. "తండ్రీ, నా బిడ్డలిద్దరూ ఒక్క మాట మీద ఉన్నారు. వాళ్ళ మధ్యన చిచ్చు పెట్టే ఆత్మను ఈ పిల్లలోంచి తీసెయ్యి. దీనికి లోపాలే కనపడే కళ్ళిచ్చినావు, మంచి కూడా చూపించు తండ్రీ..." ఎంతసేపు చేసిందో. గొంతు బొంగురుపోయేదాకా చేసింది.

"ఆమేన్," అన్నారు మా ఆయన.

"ఆమేన్," అన్నాడు ప్రవీణ్, ఆయన కంటే గట్టిగా.

అత్త కూడా ఆమేన్ అంది. ముగ్గురూ కళ్ళు మూసుకుని నా ఆమేన్ కోసం కనిపెట్టుకుని ఉన్నారు. పొయ్యి మీద అన్నం మాడడం మొదలైంది. ఆ వాసన అందరికీ తెలుస్తూనే ఉంది. నా తల మీద ఆయన చెయ్యి కొద్దికొద్దిగా బరువెక్కుతోంది. ఎవరూ లేవలేదు. నేనూ నోరు తెరవలేదు.